తలకట్టు

పదకొండేళ్ల కిందట ఈ ఊరికి వచ్చినప్పుడు
స్టేషన్లో దీని పేరు చూసి నవ్వుకున్నాం.
హల్.
ఎవరో పలక మీద రాస్తూ రాస్తూ
అచ్చు పెట్టకుండానే లేచి వెళ్లిపోయినట్టు.
ఇక్కడివాళ్లు ఆ హకారాన్నీ మింగేసి
'ఉల్' అంటారు.
"వీళ్లకి అచ్చొక్కటి చాలు" అన్నాడు చక్రపాణి.
అప్పటికింకా అన్నిటికీ నవ్వే వయసులో ఉన్నాం.

ఆ తరవాత నాలుగు చలికాలాలు
ఫ్రిజ్ తలుపులో వెన్న పెట్టుకునే చోట
నా ఇంజెక్షన్లు ఉండేవి.
వెన్న లోపలి అరలోకి పోయి బిగుసుకునేది.
రాస్తుంటే రొట్టె చిరిగేది.
నేను ఏడ్చిందంతా రొట్టె కోసమే అనుకుని
తను కొత్త రొట్టె కోసం పరిగెత్తేవాడు.

నిర్ణయం అంటే ఏదో గంట మోగుతుందనుకున్నాను.
మోగలేదు.
ఓ ఆదివారం, హంబర్ మీంచి ఉప్పుగాలి కొడుతుంటే
వెనక సందులో ఆరేసిన దుప్పటి లోపలికి తెచ్చాం.
చెరో రెండు కొసలూ పట్టుకుని
మడత కోసం ఎదురెదురు నడుస్తున్నాం.
నా వేళ్లకి తన వేళ్లు తగిలేచోట ఆగి
"మనకి కావలసింది కనడమా,
బిడ్డా?" అన్నాడు.
దుప్పటి ఇంకా తడిగానే ఉంది.
మళ్లీ విప్పాం, మళ్లీ మడిచాం.
మూడో మడతకి
"బిడ్డ" అన్నాను.

మోరీన్ ఆరుసార్లు వచ్చింది.
పెద్ద సంచీ, బురద బూట్లు,
తాగకుండా చల్లార్చే టీ.
మా పోట్లాటల గురించి అడిగింది.
చిన్నప్పుడు మమ్మల్ని ఎవరు ఎందుకు కొట్టారో అడిగింది.
పొగ అలారం నొక్కి చూసింది.
పెరట్లో పీటంత నీటిగుంట ఉంటే పూడ్చమంది.
అందులో కప్పని చక్రపాణి
బకెట్లో పక్కింటికి మోసుకెళ్లాడు,
దారంతా దానికేదో నచ్చజెబుతూ.

"ఎప్పుడు నిశ్చయించుకున్నారు?" అందామె.
దుప్పటి సంగతి చెప్పబోయాను.
కనడం అంటే ప్రసవించడమే కాదు, చూడటం కూడా అని
ఆవిడ భాషలో ఎలా చెప్పను?
"బట్టలు మడుస్తూ" అన్నాను.
అదే రాసుకుంది.

ఫోన్లో సరోజ పిన్ని
"నక్షత్రం తెలియని పిల్లకి
ఏ అక్షరంతో పేరు పెడతారే?" అంది.
పెట్టే పని మాది కాదు పిన్నీ,
పేరుతోనే వస్తారు.
హ్యారీ అయితే 'ఆరీ' అనే చెబుతాడు.
పళ్లు వచ్చేసి, భయాలు వచ్చేసి,
ఎవరి చేతి వంటో నాలిక మీద ఉండగా వస్తారు.
కన్నతల్లి ఈ ఊళ్లోనే ఎక్కడో
బస్సు కోసం నిలబడి ఉంటుంది.
ఆవిడనీ లెక్కలో ఉంచుకోవాలి.
పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు.
"కారం తగ్గించి వండు మరి" అని పెట్టేసింది.

పచ్చళ్ల కొలతలు రాసుకున్న డైరీ వెనక
పదకొండేళ్ల పేర్లున్నాయి.
చింపలేదు. కొట్టేయనూ లేదు.
నూనె మరక పడి రెండు చదవడానికి రావు.

వయసు గడిలో 'రెండేళ్ల లోపు' అని రాశాం.
పెద్దపిల్లలే ఎక్కువ కాలం ఎదురుచూస్తారని
మోరీన్ ఓసారి కిటికీలోకి చూస్తూ అంది,
మాతో కాదన్నట్టు.
ఆ రాత్రి తను లేచి దీపం వేసుకుని
రెండుని కొట్టేసి ఆరు చేశాడు.
నిద్ర నటిస్తూ అంతా చూశాను.
పొద్దున్నే, కాగితం చివర
'ఇద్దరికీ సమ్మతమే' అన్నదాని ఎదురుగా
టిక్కు పెట్టాను.
తీరా చూస్తే
అచ్చం తలకట్టు.

ఇవాళ తలుపు వెనక కొక్కేలు బిగిస్తున్నాడు.
కారవాన్ల ఫ్యాక్టరీలో రోజంతా కొలతలతో బతికేవాడు
డ్రిల్లు పట్టుకుని నిలబడిపోయాడు.
"ఎంత ఎత్తుంటారు?"
నేను చెయ్యి నడుము దగ్గర పెట్టాను,
కిందికి దించాను,
మళ్లీ కాస్త లేపాను.
విసుక్కోకుండా మూడు బిగించాడు.

అన్నిటికంటే కిందిదానికి
నా గొడుగు తగిలించి చూశాను.
కొస నేలకి ఆని
నీళ్లు కారుతూ ఉంది.